బెంగళూరులో చిన్న వడ్రంగి పనులకు గట్టి కలప తక్కువ ఖర్చులో కొనడం ఎలా?

బాల్కనీలోనో, సెల్లార్‌లో పార్కింగ్ పక్కనో చిన్న బెంచీ వేసుకుని స్టూళ్లు, షెల్ఫులు, పూజా మందిరాలు చేసుకునే తెలుగువాళ్లు బెంగళూరులో బాగానే ఉన్నారు. చాలామంది అడిగేది ఒకటే: "మాకు కావలసింది నాలుగు పలకలు. టింబర్ డిపోకి వెళితే లోడు కొనేవాళ్లనే పట్టించుకుంటారు. ఆన్‌లైన్‌లో చూస్తే ధర చుక్కల్లో ఉంటోంది. ఏం చేయాలి?"

డిపోలకు ప్రధానమైన బేరం ద్వారబంధాలు, తలుపులు. అందుకే ఏడడుగుల పొడవున్న 5×3, 4×3 అంగుళాల దిమ్మెలకు, మచ్చలేని పొడవాటి పలకలకు అంత ధర. వాటిని కోయగా మిగిలిన రెండు, మూడు అడుగుల ముక్క వాళ్లకు చోటు దండగ. స్టూలు చేసుకునేవాడికి అదే అసలు సరుకు. ఈ తేడాను వాడుకోవడం తెలిస్తే సగం ఖర్చు తగ్గినట్టే. మిగతా సగం తడి కలప కొనకుండా ఉండటంలో ఉంది.

## 1. ముందు కట్ లిస్టు రాసుకోండి

ఏ భాగానికి ఏ కొలత ముక్క కావాలో రాసుకున్న ఈ లిస్టు లేకుండా డిపోకి వెళ్లొద్దు. "ఒక స్టూలుకి కావాలండీ" అంటే అక్కడివాళ్లు తమకు వదిలించుకోవాలని ఉన్న పలక చూపిస్తారు. "అడుగున్నర పొడవు, రెండంగుళాల చదరం, నాలుగు కాళ్లకు" అంటే ముక్కల గుట్ట వైపు చెయ్యి చూపిస్తారు.

ప్రతి భాగానికీ రెండు కొలతలు రాయాలి. ఒకటి పూర్తయ్యాక ఉండే కొలత, రెండోది కొనాల్సిన కొలత. మిల్లులో కోసిన పలక గరుకుగా ఉంటుంది, చిత్రిక పడితే రెండు వైపులా కొంత పోతుంది. చివరకు ముప్పావు అంగుళం మందం కావాలంటే అంగుళం పలక కొనాలి. వెడల్పులో అర అంగుళం, పొడవులో ఒకటి రెండు అంగుళాలు అదనంగా పెట్టుకోవాలి.

ఒక చిన్న బల్ల లెక్క చూద్దాం. పై పలక 18×14 అంగుళాలు, కాళ్లు అంగుళంన్నర చదరం, ఎత్తు 18 అంగుళాలు, చుట్టూ మూడంగుళాల పట్టీలు.

- పై పలక: మూడు ముక్కలు అతికించాలి. ఒక్కొక్కటి 5×1×20 అంగుళాలు. మొత్తం 300 ఘనపు అంగుళాలు.
- కాళ్లు: నాలుగు. ఒక్కొక్కటి 2×2×20. మొత్తం 320.
- పొడవు పట్టీలు: రెండు. ఒక్కొక్కటి 3.5×1×16. మొత్తం 112.
- పొట్టి పట్టీలు: రెండు. ఒక్కొక్కటి 3.5×1×12. మొత్తం 84.

అన్నీ కలిపితే 816 ఘనపు అంగుళాలు. ఒక క్యూబిక్ అడుగుకు 1728 ఘనపు అంగుళాలు కాబట్టి ఇది 0.47 క్యూబిక్ అడుగులు. పూర్తయిన బల్లలో ఉండే కలప మాత్రం 0.27 క్యూబిక్ అడుగులే. మిగిలింది పొట్టుగా, తుక్కుగా పోతుంది. చిన్న పనుల్లో ఈ నష్టం ఎప్పుడూ ఎక్కువే. బడ్జెట్ వేసుకునేటప్పుడు దీన్ని మరిచిపోతే కలప సగం పనిలో అయిపోతుంది.

ఇంకో సంగతి గమనించండి. ఈ లిస్టులో 20 అంగుళాలు దాటిన ముక్క ఒక్కటీ లేదు. ఏడడుగుల పలక ధర పెట్టాల్సిన అవసరమే లేదన్నమాట.

## 2. పనికి తగ్గ కలప ఎంచుకోండి

అన్నిటికీ టేకే కావాలనడం మనవాళ్ల అలవాటు. నీళ్లు, ఎండ తగిలే చోట టేకు పెడితే అర్థం ఉంది. ఇంట్లో పుస్తకాల షెల్ఫుకు అక్కర్లేదు.

డిపోల్లో కన్నడ పేర్లే నడుస్తాయి. తెలిసి ఉంటే మంచిది: తేగ అంటే టేకు, హొన్నె అంటే వేగిస, మత్తి అంటే నల్లమద్ది, హలసు అంటే పనస, బేవు అంటే వేప, మావు అంటే మామిడి, బీటె అంటే రోజ్‌వుడ్.

సిల్వర్ ఓక్. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే చెట్టు. బెంగళూరులో చవగ్గా దొరికే కలపల్లో మొదట చూడాల్సింది ఇదే. తేలిగ్గా ఉంటుంది, కోసిన తీరును బట్టి జల్లెడలాంటి అందమైన మచ్చలు కనిపిస్తాయి. అయితే ఆ మచ్చలున్న వైపు చిత్రిక పడితే చెక్క పెచ్చులుగా లేస్తుంది. పదును బాగా ఉండాలి, పలచగా తీయాలి. ట్రేలు, షెల్ఫులు, పెట్టెలకు బాగుంటుంది. తడి తగిలే చోట వద్దు.

పనస. బొబ్బిలి వీణ చేసేది దీనితోనే. కొత్తలో పసుపు పచ్చగా ఉండి, వెలుతురు తగిలే కొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. పూజా మందిరానికి టేకు కొనేంత డబ్బు లేదనుకుంటే పనస పెట్టండి, ఏ మాత్రం తీసిపోదు.

వేప, మామిడి. రెండూ చవకే. వేప గ్రెయిన్ (చెక్కలోని నార వరస) మెలికలు తిరిగి ఉంటుంది, చిత్రిక ఒక వైపు నున్నగా పోతే రెండో వైపు చీలుకుంటుంది. మామిడికి పురుగు తొందరగా పడుతుంది. ఎండిన మామిడి ట్రేలకు, ఫొటో ఫ్రేములకు పనికొస్తుంది. కాళ్లకు, బరువు మోసే భాగాలకు వాడొద్దు.

హొన్నె, మత్తి. పాత ఇళ్ల దూలాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. హొన్నె చక్కటి ఫర్నిచరు కలప. మత్తి గట్టిది, బరువైనది, ఉలి అంచును తొందరగా మొద్దుబారుస్తుంది. చేతి పనిముట్లే ఉన్నవాళ్లు మత్తి జోలికి పోకపోవడం మేలు.

దిగుమతి టేకు, బీచ్. ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల తోటల టేకు బర్మా టేకు కన్నా బాగా తక్కువ ధరకు వస్తుంది. చెట్టు చిన్న వయసులోనే కొట్టేస్తారు కాబట్టి తెల్లచెక్క (బెరడు వైపు ఉండే లేత భాగం) ఎక్కువ, చేవ (లోపలి గట్టి భాగం) తక్కువ. చేవ ఉన్న ముక్కలు ఏరుకోగలిగితే లాభం. స్టీమ్ బీచ్ (ఆవిరి పట్టించిన బీచ్ కలప) బాగా ఎండి, తిన్నగా వస్తుంది. పనిముట్ల పిడులకు, జిగ్‌లకు దానికి సాటి లేదు. తేమకు, చెదలకు మాత్రం తట్టుకోదు.

రబ్బర్‌వుడ్ బోర్డులు. చిన్న ముక్కలను అతికించి చేసిన 8×4 అడుగుల బోర్డులు ప్లైవుడ్ షాపుల్లో ఉంటాయి. ఎండబెట్టి, మందు పట్టించి, నున్నగా చేసి వస్తాయి. ప్లేనర్ (చిత్రిక మెషిన్) లేనివాళ్లకు, మొదటిసారి చేసేవాళ్లకు నేనైతే ఇదే చెబుతాను. కలప రేటుతో పోల్చి ఎక్కువనుకోకండి, ఇందులో తరుగు దాదాపు ఉండదు.

లేత్ మీద బొంగరాలు, గిన్నెలు తిప్పేవాళ్లు హాలె మర అని అడగండి. చెన్నపట్న బొమ్మలు చేసేది దానితోనే. మన ఏటికొప్పాక అంకుడు కర్ర కూడా అదే చెట్టు.

రోజ్‌వుడ్, ఎర్రచందనం, శ్రీగంధం ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ఆ బేరమే పెట్టుకోవద్దు. మూడింటికీ గట్టి చట్టాలున్నాయి. కాగితాలు లేని ముక్క ఇంట్లో ఉండటం అనవసరమైన టెన్షన్.

## 3. ఎక్కడ వెతకాలి

టింబర్ డిపోలు. మైసూరు రోడ్డులోని న్యూ టింబర్ యార్డ్ లేఅవుట్‌లో వరసగా డిపోలు, కోత మిల్లులు ఉన్నాయి. ఒకచోట దొరక్కపోతే పక్క గేటుకు నడిచి వెళ్లొచ్చు, అదే దాని లాభం. శివాజీనగర్ వైపు బ్యాంబూ బజార్, లాల్‌బాగ్ దగ్గర సిద్దాపుర వైపు కూడా చూడొచ్చు. స్క్రూలు, కబ్జాలు, జిగురు, పనిముట్లు ఎస్‌జేపీ రోడ్డులో తీసుకుంటే వేరే చోట తిరగక్కర్లేదు.

శనివారం సాయంత్రం వెళ్లొద్దు. మధ్యవారంలో, పొద్దున లోడింగు హడావుడి తగ్గాక, పదకొండు తర్వాత వెళితే ముక్కలు ఏరుకోనిస్తారు. ఆదివారం చాలావరకు మూసి ఉంటాయి.

ద్వారబంధాలు, తలుపులు చేసే వర్క్‌షాపులు. డిపో కన్నా ఇక్కడే మంచి ముక్కలు దొరుకుతాయి. 5×3 దిమ్మె చివర తెగిన అడుగున్నర ముక్కను నిలువునా కోస్తే రెండు స్టూలు కాళ్లు వస్తాయి. పైగా వాళ్లు ఎండిన కలపే వాడతారు, లేకపోతే తలుపు బిగుసుకుని కస్టమర్ తిట్లు తినాలి. మీ కాలనీలో ఎక్కడ ఇల్లు కడుతున్నా అక్కడి మేస్త్రీని అడగండి, తలుపులు ఎక్కడ చేయిస్తున్నారో చెబుతాడు.

కూల్చిన ఇళ్ల కలప. బసవనగుడి, మల్లేశ్వరం లాంటి పాత పేటల్లో ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతుంటారు. వాటి కిటికీలు, దూలాలు పాత సామాను అమ్మేవాళ్ల దగ్గరకు చేరతాయి. దశాబ్దాలు ఎండిన చేవ కలప అది, ఇక వంకర తిరగదు. తలుపుగా కొంటే పురాతన వస్తువు ధర చెబుతారు. విరిగిన రెక్క, ఒంటి కిటికీ, పగిలిన ఫ్రేము అడగండి. రంగు వేసి ఉంటే జాగ్రత్త: ఇంటి రంగుల్లో సీసానికి గట్టి పరిమితి 2017 నుంచే అమల్లోకి వచ్చింది. పాత రంగును పొడిగా సాండింగ్ చేయొద్దు. తడిపి గీకి తీయాలి, మాస్కు పెట్టుకోవాలి, పిల్లలుండే చోట ఈ పని చేయనే కూడదు.

ప్యాకింగ్ కలప. పీణ్య పారిశ్రామిక వాడలో యంత్రాల పెట్టెలు, ప్యాలెట్లు పాత సామానుగా అమ్ముతారు. చాలావరకు పైన్ చెట్టు కలపే, అప్పుడప్పుడు గట్టి కలప కూడా తగులుతుంది. విదేశీ ప్యాలెట్ మీద ముద్ర చూడండి. హెచ్‌టీ అనే అక్షరాలుంటే వేడి చేసి పురుగు చంపినది, తీసుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, వదిలేయండి.

ఊరి నుంచి తెచ్చుకోవచ్చా? చిత్తూరు, అనంతపురం వైపువాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పెరట్లో కొట్టిన చెట్టయినా కలపను రాష్ట్రం దాటించడానికి అటవీ శాఖ నిబంధనలున్నాయి. చెట్టు రకాన్ని బట్టి పర్మిట్ కావాలి. ముందే స్థానిక అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి, కాగితం తీసుకుని కదలండి. 2023 చివర్లో దేశమంతటికీ ఆన్‌లైన్ ట్రాన్సిట్ పాస్ విధానం మొదలైంది. రెండు స్టూళ్ల కలప కోసం ఇంత తిరగడం దండగే. పెద్ద చెట్టయితే ఆలోచించొచ్చు. వానకు రోడ్డు మీద పడిన చెట్టు మన సొంతం కాదు, అది నగరపాలక సంస్థది. రాత్రిపూట కొమ్మ ఎత్తుకురావొద్దు.

## 4. డిపోకి వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి

- కట్ లిస్టు, టేపు, చాక్‌పీసు
- పిన్నులున్న తేమ మీటరు
- సామాను తూచే కొక్కెం తక్కెడ, విమాన ప్రయాణాలకు వాడేది
- అయస్కాంతం
- చిన్న చాకు లేదా జేబు చిత్రిక
- చేతి తొడుగులు, తాడు

## 5. క్యూబిక్ అడుగు లెక్క మీరే వేయండి

సూత్రం సులువు: వెడల్పు అంగుళాల్లో × మందం అంగుళాల్లో × పొడవు అడుగుల్లో ÷ 144.

ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం, ఏడడుగుల పొడవున్న పలక అనుకోండి. 6×1×7 అంటే 42. దాన్ని 144తో భాగిస్తే 0.29 క్యూబిక్ అడుగులు. సీఎఫ్‌టీ (క్యూబిక్ అడుగు) రేటు 3,000 రూపాయలు అనుకుంటే పలక ధర 875.

మన బల్లకు కావలసిన 0.47 క్యూబిక్ అడుగులకు అదే రేటున దాదాపు 1,417 రూపాయలు అవుతుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 1,670. "రేటు జీఎస్టీతోనా, జీఎస్టీ కాకుండానా?" అని మొదటే అడగాలి. బేరమంతా అయ్యాక అడిగితే ఆ 18 శాతం మన నెత్తిన పడుతుంది.

డబ్బు జారిపోయే చోట్లు ఇవి:

- మందం. అంగుళం అని బిల్లు వేసిన పలక ఏడు నూళ్లే ఉండొచ్చు. అది అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ. రెండు చివరలా, మధ్యలో కొలవండి.
- వెడల్పు. ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ ఉన్న పలకను మధ్యలో కొలవాలి. వెడల్పు చివర టేపు పెడితే వెంటనే చెప్పండి, మొహమాటపడొద్దు.
- బెరడు అంచు. బెరడు, తెల్లచెక్క కలిపి కొలుస్తారు. దాన్ని తీసేశాక మీకు మిగిలే వెడల్పు ఎంతో చూసుకోండి.
- దుంగ రేటు. దుంగను చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి, పొడవుతో గుణించి కొలుస్తారు. దుంగలో నిజంగా ఉన్న కలపలో సుమారు 78 శాతమే ఈ లెక్కలోకి వస్తుంది, కానీ కోతలో తరుగు, కూలి మనవే. అందుకే దుంగ రేటునూ, కోసిన పలక రేటునూ పక్కపక్కన పెట్టి చూడొద్దు.

ముక్కల గుట్టను సీఎఫ్‌టీ లెక్కన కాకుండా కిలో లెక్కన, లేదా ఉజ్జాయింపుగా ఇంత అని ఇస్తారు. కిలో లెక్కన కొంటే తడి కలపలో నీళ్లకు కూడా డబ్బు కడుతున్నట్టే. అక్కడ ఎండిన ముక్కలే ఏరండి.

## 6. ఎండిందో లేదో తేల్చుకోండి

ఈ మెట్టు దగ్గర తొందరపడేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. కలప తడిగా ఉంటే ఎంత చవకైనా ఖరీదే, ఎందుకంటే చేసిన వస్తువు మూడు నెలల్లో కీళ్లు వదులుతుంది.

"సీజనింగ్ అయిందా?" అని అడిగితే "అయింది సార్" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. కిల్న్‌లో (కలప ఎండబెట్టే వేడి గదిలో) ఎండబెట్టారా, గాలికి వదిలేశారా, ఎన్నాళ్లయింది అని విడమర్చి అడగండి. గాలికి ఎండే కలపకు అంగుళం మందానికి ఏడాది అని మోటు లెక్క. మూడంగుళాల దిమ్మె పైకి ఎండినట్టున్నా లోపల పచ్చిగా ఉంటుంది.

మీటరుతో చూసేటప్పుడు పలక చివర గుచ్చొద్దు. చివరలు ముందే ఎండిపోతాయి కాబట్టి అక్కడి అంకె మోసం చేస్తుంది. పలక మధ్యలో, గ్రెయిన్ వెంట గుచ్చండి. ఎలాగూ రవాణాకు కోయిస్తారు కాబట్టి, మొదటి కోత పడగానే ఆ కొత్త ముఖం మధ్యలో మళ్లీ చూడండి. నిజం అక్కడ తెలుస్తుంది.

- 12 శాతం లోపు: కళ్లు మూసుకుని తీసుకోండి.
- 12 నుంచి 15: తీసుకోండి, కొన్ని వారాలు ఇంట్లో ఉంచి మొదలుపెట్టండి.
- 15 నుంచి 18: ధర బాగా తగ్గిస్తేనే. నెలలు ఆగే ఓపిక ఉండాలి.
- 18 పైన: ఇంటి ఫర్నిచరుకు వద్దు.

మీటరు లేకపోతే తక్కెడ వాడండి. ఎండిన టేకు క్యూబిక్ అడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. మనం లెక్కవేసిన 6×1×7 పలక 0.29 క్యూబిక్ అడుగులు, అంటే అయిదు కిలోల పైన కొంచెం ఉండాలి. తక్కెడ ఏడు చూపిస్తే అందులో నీళ్లున్నాయి, లేదా అది టేకు కాదు. తోటల టేకు ఇంకాస్త తేలిగ్గా ఉండొచ్చు. ఒకే రకం, ఒకే కొలత ఉన్న రెండు పలకలను తూచి తేలికదాన్ని తీసుకోవడం ఇంకా సులువు.

వానాకాలంలో చాలా డిపోల్లో సరుకు రేకుల కిందే తడుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు కొనడానికి మంచివి. ఆషాఢంలో ద్వారబంధాలు ఎత్తరు, గృహప్రవేశాలు ఉండవు, డిపోలు ఖాళీగా ఉంటాయి. బేరం బాగా కుదురుతుంది, కానీ మీటరు లేకుండా ఆ నెలలో వెళ్లకండి.

## 7. పలకను తిప్పి తిప్పి చూడండి

పలకను కంటి ఎత్తుకు ఎత్తి, ఒక చివర నుంచి తుపాకీ గురి చూసినట్టు అంచు వెంట చూడాలి. నిలువు వంపు కన్నా మెలి ప్రమాదం. పొడుగు పలకలో కనిపించే వంపు దాన్ని మూడు ముక్కలు చేస్తే దాదాపు మాయమవుతుంది. మెలి తిరిగిన పలకలో మాత్రం చిత్రికకే సగం మందం పోతుంది.

- చివర పగుళ్లు. ఎంత లోపలికి వెళ్లాయో చాకు మొన పెట్టి చూడండి. అంత మేర కొలతలోంచి తగ్గించమనండి.
- ముడులు. చుట్టూ నల్లగీత ఉన్న ముడి ఊడిపోతుంది. గట్టిగా అతుక్కున్న చిన్న ముడితో ఇబ్బంది లేదు.
- పురుగు రంధ్రాలు. పలకను నేలకు తట్టండి. పిండిలాంటి పొడి రాలితే పురుగు ఇంకా లోపల ఉంది, ముట్టుకోవద్దు. పాత రంధ్రాలుండి పొడి రాకపోతే బేరమాడి తీసుకోవచ్చు.
- మేకులు. పాత కలప మీద అయస్కాంతం నడిపించండి. విరిగిన మేకు ఒకటి చాలు, ప్లేనర్ బ్లేడు పాడైపోతుంది.
- రంగు పూత. టేకు అని అమ్మే చవక కలపకు రంగు పూసి ఉండొచ్చు. మూల మీద చాకుతో గీరండి. లోపలి రంగు వేరైతే సంగతి తెలిసిపోతుంది. అసలు టేకు తాజా కోత చేతికి కాస్త జిడ్డుగా, వాసన తోలులాగా ఉంటుంది.

ఎక్కువ కలప కొంటూ రకం మీద అనుమానం ఉంటే, మల్లేశ్వరం 18వ క్రాస్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో ఫీజు కట్టి కలప రకం పరీక్ష చేయించుకోవచ్చు. ఒక స్టూలుకు అంత అక్కర్లేదు.

## 8. బేరం, బిల్లు

మొదట ముక్కలు ఏరి పక్కన పెట్టి, తర్వాత ధర అడగండి. ముందే ధర అడిగితే మంచి గుట్ట రేటు చెబుతారు. "కట్ పీస్ ఇదెయా?" అన్న ఒక్క కన్నడ ముక్కతో సగం పని అవుతుంది. చాలా డిపోల్లో హిందీ, తెలుగు కూడా నడుస్తాయి.

గీసి గీసి బేరమాడేకంటే లోపాలు చూపించి కొలత తగ్గించమనడం మేలు. రేటు తగ్గించడానికి ఒప్పుకోని యజమాని "ఈ పగులు వరకు కొలత వదిలేయండి" అంటే ఒప్పుకుంటాడు. లోడింగు కూలి, కోత కూలి, ప్లేనింగు కూలి విడిగా ఎంతో అప్పుడే తేల్చుకోండి. నలుగురు మిత్రులు కలిసి ఒక పెద్ద పలకల కట్ట కొని పంచుకుంటే హోల్‌సేల్ రేటు అడగొచ్చు, కానీ పంపకాలప్పుడు చేవ ముక్కలన్నీ ఒకరికే పోకుండా ముందే మాట అనుకోండి.

బిల్లు అడగండి. దారిలో ఎవరైనా ఆపితే చూపించడానికి అదొక్కటే ఆధారం.

## 9. కోత, ప్లేనింగు, రవాణా

పలకను అక్కడే పొడవులో కోయించుకోండి. కట్ లిస్టులోని అసలు కొలతకు మాత్రం కాదు. రెండు మూడు భాగాలు వచ్చేలా, మూడు నాలుగడుగుల ముక్కలుగా కోయిస్తే ఆటోలో పడుతుంది, ఇంట్లో పగుళ్లు చూసి సర్దుకునే వీలూ ఉంటుంది.

ప్లేనింగు విషయంలో ఒక మెలకువ ఉంది. ముందు పొట్టి ముక్కలు చేసి ఆ తర్వాతే చిత్రిక పట్టించండి. వంపున్న ఏడడుగుల పలకను అలాగే మెషిన్‌లో పెట్టి తిన్నగా తీయిస్తే బాగా పలచబడిపోతుంది. పూర్తి మందానికి తీయించొద్దు, ఒకటి రెండు మిల్లీమీటర్లు వదలమనండి. ఇంటికి వచ్చాక కలప మళ్లీ కొద్దిగా కదులుతుంది. ఆ మిగులు లేకపోతే సరిచేసుకోలేరు.

పది కిలోల లోపు, మూడడుగుల లోపు కట్టను స్కూటరు మీద ముందు భాగంలో నిలువుగా కట్టుకోవచ్చు. అడ్డంగా మాత్రం వద్దు, మైసూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఎవరి మోకాలికో తగులుతుంది. అంతకు మించితే గూడ్స్ ఆటో పెట్టుకోండి. కలప ఖర్చు వెయ్యి, ఆటో ఖర్చు ఆరు వందలు అయ్యేలా ఉంటే ఇంకో పనికి కావలసింది కూడా అప్పుడే తెచ్చేసుకోవడం తెలివైన పని.

## 10. ఇంటికి తెచ్చాక

వచ్చిన రోజే కోయడం మొదలుపెట్టొద్దు. పలకల మధ్య సమానమైన మందం ఉన్న బద్దలు అడుగుకొకటి చొప్పున పెట్టి పేర్చండి. బద్దలన్నీ ఒకదాని మీద ఒకటి తిన్నగా ఉండాలి. పైన బరువు పెట్టండి. నేలకు ఆనించొద్దు, ఎండలో పెట్టొద్దు. ఎండలో తొందరగా ఎండుతుందనుకుని మిద్దె మీద పెడితే పై పొర ఎండి పగులుతుంది, లోపల అలాగే ఉంటుంది.

ప్రతి పలక మీదా రకం, తేదీ, తేమ అంకె చాక్‌పీసుతో రాయండి. రెండు వారాలకోసారి మళ్లీ గుచ్చి చూడండి. అంకె కదలడం ఆగితే మీ ఇంటి గాలికి కలప అలవాటు పడినట్టు.

## 11. జరిగే పొరపాట్లు, వాటికి మందు

తడి కలప కొనేశారు. చివరలకు వెంటనే మైనం గానీ మందంగా పెయింట్ గానీ పూయండి, పగుళ్లు తగ్గుతాయి. బద్దలు పెట్టి పేర్చి నీడలో వదిలేయండి. ఆగలేకపోతే బాల్కనీ బెంచీ, కుండీల స్టాండు లాంటివి చేసి మేకులు, బోల్టులతో బిగించండి. జిగురు కీళ్లు పెట్టొద్దు.

తెల్లచెక్క ఎక్కువ వచ్చింది. బోరాక్స్ 60 గ్రాములు, బోరిక్ ఆమ్లం 40 గ్రాములు లీటరు వేడినీళ్లలో కరిగించి బ్రష్‌తో రెండు కోట్లు పట్టించండి. ఎండిన కలపలో ఇది పైపైకే దిగుతుంది, కాబట్టి కోసి, చిత్రిక పట్టాకే పూయాలి, ముందు పూస్తే మందంతా పొట్టులో పోతుంది. పళ్లేలు, చపాతీ పీటల్లాంటి వాటికి ఈ మందు వద్దు, చేవ ముక్కలే వాడండి.

పై పలక వంగిపోయింది. పలక వెడల్పులో పెరిగి తగ్గేందుకు చోటివ్వకుండా కింద స్క్రూలతో బిగించేసి ఉంటారు. స్క్రూలు విప్పి, పట్టీలోని రంధ్రాలను అడ్డంగా సాగదీసి మళ్లీ వదులుగా బిగించండి. చాలాసార్లు కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది.

సిల్వర్ ఓక్ పెచ్చులు లేచింది. చిత్రికను అంతటితో ఆపండి. స్క్రేపర్‌తో గీకి, ఆపైన 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి సాండింగ్ చేయండి. లోతు పెచ్చు ఉంటే అదే కలప పొట్టును జిగురులో కలిపి నింపితే పాలిష్ వేశాక పెద్దగా కనిపించదు.

చేసిన వస్తువు కింద పిండి రాలుతోంది. దాన్ని వెంటనే మిగతా కలపకు దూరంగా జరపండి. రంధ్రాల్లోకి సిరంజితో చెదల మందు ఎక్కించి, మైనంతో మూసి, చుట్టూ చాక్‌తో గీత గీయండి. నెల తర్వాత గీత మీద కొత్త పొడి పడితే ఆ భాగాన్ని తీసి మార్చాల్సిందే. అదే గుట్టలోంచి తెచ్చిన మిగతా ముక్కలను కూడా ఆ రోజే తట్టి చూడండి.